జాపత్రి గదిలో పిల్లులు

మూడో పిల్లి సోమవారం పొద్దున చచ్చింది. జాపత్రి ఆరబెట్టే గది గుమ్మంలో, కాళ్ళు బారజాపుకుని పడి ఉంది. కళ్ళు మూతపడలేదు. కంటి తెల్లగుడ్డు పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టుంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, పొట్ట మాత్రం ఉబ్బిపోయి ఉంది.

ఫీమీ ఏప్రాన్ కొసతో దాని మూతి మీది చీమల్ని దులిపింది. "పాపిష్టిదానా, ఏం తిని చచ్చావే?" అంది. పని గంట కొట్టారు. ఒక గోనె ముక్క కప్పి లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

ఫీమీ అసలు పేరు యూఫీమియా. ఆ పేరు చర్చి పుస్తకంలో తప్ప ఎవరి నోటా రాదు. చిన్నవాళ్ళకి ఆమె టాంటీ, అంటే పిన్ని లాంటిది. మోర్న్ వెర్ జాజికాయల కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పెంకులేరుతోంది. మర పగలగొట్టిన కాయలూ పెంకులూ కలగలిసి చెక్క తొట్టెల్లో పడతాయి. కుడిచేత్తో కాయ తీసి బుట్టలోకి, ఎడమచేత్తో పెంకు తోసి కిందికి. పుచ్చిన కాయని ఆమె కంటితో చూడక్కర్లేదు, వేళ్ళ మధ్యకి రాగానే తేలికతనం తెలిసిపోతుంది. గ్రెనడా దీవి మొత్తం మీద అంత వేగం గల చెయ్యి ఇంకొకటి లేదని మేం పందెం కాసేవాళ్ళం.

మేం అంటున్నాను కదా, నేనూ ఆ బల్ల దగ్గరే, ఆమెకి నాలుగో చోట కూర్చునేదాన్ని. ఈ కథలో నా గొప్పేం లేదు. అది ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

"చూశావా ఇస్మే, దీనికీ కళ్ళు పచ్చబడ్డాయి," అంది ఫీమీ పక్కనున్న ఇస్మేతో.

"చూశాన్లే. తల దించుకో, ఆయనొస్తున్నాడు."

వచ్చింది సూపర్‌వైజర్ ఆల్బన్. ఏడాది కిందట పట్నం నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెడ్డవాడని అనను. జాజికాయలు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు సంచుల్లో ఎలక పెంటికలు దొరికాయని రాసిన ఉత్తరం ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండేది. అది చదివినప్పుడల్లా ఆయనకి మా మీద కోపం వచ్చేది. ఈస్టర్ అయిన మర్నాడు కొత్త నియమం పెట్టాడు. ఇక్కడి పిల్లులకి ఎవరూ తిండి పెట్టకూడదు, ఆకలేస్తే అవే ఎలకల్ని పడతాయి అని. అంతకుముందు మేమందరం మధ్యాహ్నం డబ్బాల్లో మిగిలిన చేప ముక్కో, సీమపనస ముక్కో వాటికి విసిరేవాళ్ళం. ఆ రోజు నుంచి మానేశాం. ఫీమీ తప్ప.

ఆయన చేతిలో ఫీమీ అల్యూమినియం గిన్నె ఉంది.

"ఇదెవరిది?"

"నాదే సార్."

"జాపత్రి పెట్టెల వెనక దాక్కుని ఏం చేస్తోంది?"

"అది దాక్కోలేదు సార్, నేనే దాచాను," అంది ఫీమీ. బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. "చేప తలకాయలు ఉడకేసి తెస్తున్నాను. అన్నిటికీ కాదు, మూడిటికే. బిషప్‌కీ, మేడమ్‌కీ, ఆ చెవి తెగినదానికీ. ముసలివి సార్, ఎలకల వెంట పరిగెత్తలేవు."

ఆల్బన్ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "జాజికాయ వాసన."

"మీ చొక్కా వాసన చూసుకోండి సార్, అదీ అంతే," అని వెనక నుంచి ఒక గొంతు. ఈసారి అందరం నవ్వాం. మా గిడ్డంగిలో గోడ నాకినా జాజికాయే.

ఆయన నవ్వలేదు. "జాజికాయ పిల్లికి విషం. తెలుసా తెలీదా?"

"చంటిపిల్లకి కూడా తెలుసు. అందుకే వెయ్యలేదు."

"మరి ఈ నల్లటి పలుకులేంటి?"

"చేప తోలు. అడుగంటింది."

"నీ పెరట్లో జాజి చెట్టుందా?"

ఫీమీ చెయ్యి ఆగింది. ఆ చెయ్యి ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. "ఉండేది. తుఫానులో పోయింది. ఊళ్ళో చాలామందివి పోయాయి కదా."

"మరి ఇందులోకి జాజికాయ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అప్పుడర్థమైంది మాకు, మాట పిల్లుల మీంచి జారిపోయిందని. మా కేంద్రంలో ఒక్క కాయ ఇంటికి తీసుకెళ్ళినా దొంగతనమే. సాయంత్రం గేటు దగ్గర సంచులు దులిపి చూపించాలి. దొంగ అన్న మాట పడితే మా ఊళ్ళో ఇంకెవరూ పనిలో పెట్టుకోరు, చర్చిలో పక్కన కూర్చోరు.

ఆల్బన్ ఇస్మే వైపు తిరిగాడు. "నువ్వు రోజూ ఈవిడ పక్కనే ఉంటావు. ఈ గిన్నెలో జాజికాయ గీకి వేస్తుంది. నువ్వు చూస్తూనే ఉన్నావు."

కాపు సగం పడిపోయింది, ఆ నెలలో ఆరుగుర్ని తీసేస్తారని మాకందరికీ తెలుసు. ఇస్మే తొట్టెలోని కాయల వైపు చూసింది. తర్వాత తల ఊపింది. చాలా చిన్నగా ఊపింది. పెద్దగా ఊపినా అంతే కదా.

"విచారణ అయ్యేదాకా నువ్వు రావద్దు," అన్నాడు ఆల్బన్ ఫీమీతో.

ఫీమీ ఇస్మే వైపు చూసింది, ఏదో మాట వస్తుందని. ఇస్మే ఇంకో కాయ తీసి బుట్టలో వేసింది. బల్ల చివరి దాకా మా అందర్నీ చూసింది. నేను పెంకులేరుతున్నాను. ఫీమీ ఏప్రాన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి, ఆల్బన్ చేతిలోని తన గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి సంగతులు ఆమె నాకు చాలా రోజులకి చెప్పింది.

మంగళవారం పొద్దున అలవాటు కొద్దీ కోకో టీ పెట్టుకుంది. అలవాటు కొద్దీ గోడకున్న తురుము రేకు తీసి జాజికాయ గీకబోయి ఆగిపోయింది. ఆ జాజికాయలు ఇస్మేవే. తుఫానులో ఇస్మే పెరట్లో ఒక్క చెట్టు బతికింది. అప్పట్నుంచి నెలనెలా గుప్పెడు కాయలు పాత గుడ్డలో కట్టి ఆమే తెచ్చిచ్చేది. "టీలో వేసుకోవే, అది లేకపోతే నీకు పొద్దు గడవదు" అనేది. నిన్న ఫీమీ ఆ ముక్క తనే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అది ఇస్మే నోటి నుంచి రావాలనుకుంది. పక్కన కూర్చున్న మనిషి కళ్ళెదుట నిజాన్ని మింగేస్తుంటే, లాగి బయటపెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు.

అయితే ఆమెని తినేసింది అది కూడా కాదు. ఆమె ఆ గిన్నె ముందు కూర్చుని ఇసకతో తోముతూ లెక్కలేసుకుంది. తురుము రేకు పొయ్యికి సరిగ్గా పైన ఉంది. చేపలు ఉడికేది ఆ పొయ్యి మీదే. రేకు అంచున అంటుకున్న పొడి రాలి పడలేదని ఏమిటి నమ్మకం? టీ కలిపిన గరిటె కడక్కుండా చేపల్లో పెట్టలేదని ఒట్టేసి చెప్పగలదా? ఒక్కోరోజు తొందరలో ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? గిన్నె అడుగు తళతళలాడేదాకా తోమింది. మళ్ళీ వాసన చూసింది. మళ్ళీ తోమింది. టీ చల్లారిపోయింది, తాగబుద్ధి కాలేదు.

'నా చేత్తోనే చంపానేమో దేవుడా' అనుకుంది. ఆకలితో చూస్తున్నాయని పెట్టినది ప్రాణం తీసి ఉంటే, దొంగ అన్న మాట కంటే అదే పెద్ద మాట.

నీళ్ళ కోసం కుళాయి దగ్గరికెళ్తే అప్పటికే ఊరంతా పాకింది.

"ఏం టాంటీ, పిల్లులకి కోకో టీ అలవాటు చేశావట?" అన్నాడు బ్రెడ్ బండివాడు.

"నీకూ ఒక కప్పు పెట్టనా, రుచి చూస్తావా?" అంది ఫీమీ. వాడు నవ్వుతూ పోయాడు. ఆమె నవ్వలేదు. బకెట్ సగమే నిండింది, అలాగే తీసుకుని ఇంటికొచ్చేసింది. ఆ దారిలోనే ఇస్మే ఇల్లు. తలుపు వేసి ఉంది. లోపల రేడియో మోగుతోంది, ఫీమీ అడుగుల చప్పుడుకి అది ఆగిపోయింది.

బుధవారం పశువుల డాక్టరు వచ్చింది. రప్పించింది ఆల్బనే. విషం అని ఒక కాగితం రాసిస్తే విచారణకి పనికొస్తుందని ఆయన ఆలోచన. డాక్టర్ క్లారిస్ ముప్ఫై ఏళ్ళు దాటని మనిషి, రబ్బరు బూట్లు, జుట్టంతా ఎత్తి రుమాలుతో కట్టింది. అప్పటికి నాలుగో పిల్లి కూడా పోయింది.

"కోసి చూడందే ఏమీ రాయను," అంది. "తిండి పెట్టిన మనిషి ఎక్కడ? ఏం పెట్టిందో ఆవిణ్ణే అడగాలి."

మనిషిని పంపి ఫీమీని పిలిపించారు. ఆమె తోమిన గిన్నె వెంట తెచ్చింది, సాక్ష్యం తెచ్చినట్టు. పెరట్లో సీమపనస చెట్టు కింద బల్ల వేశారు. మేం కిటికీల దగ్గర నిలబడ్డాం. ఆల్బన్ చూసి కూడా పొమ్మనలేదు. విషం అని డాక్టరు చెప్పేటప్పుడు మేం వినాలనే ఉంటుంది ఆయనకి.

డాక్టరు చిన్న కత్తితో నాలుగో పిల్లి పొట్ట చీల్చింది. చేతులు తొందరపడలేదు. కాలేయం బయటికి తీసి తిప్పి చూసింది. ఉబ్బిపోయి, ఉండాల్సిన రంగు లేకుండా ఉంది. అందులోంచి పైత్యపు పసరు పారే గొట్టం పురికొస లావున గట్టిపడింది. దాన్ని కోసి బొటనవేలితో నొక్కింది. మడ్డి లాంటిది వచ్చింది. ఆ మడ్డిలో ఏవో ఉన్నాయి.

"తెల్ల సాసరు ఉందా? కాసిని నీళ్ళు పొయ్యండి అందులో."

బియ్యపు గింజంత పొడుగున్నాయి అవి. చదునుగా, ఆకుల్లా, గోధుమ రంగులో. ఒకటి మెల్లగా ముడుచుకుని మళ్ళీ సాగింది.

"కదులుతోంది!" అంది ఫీమీ.

"పురుగులు టాంటీ. ఈ ఒక్క పిల్లిలోనే వందకి తక్కువుండవు. పసరు దారికి అడ్డంపడి కూర్చున్నాయి. కళ్ళు పచ్చబడటం, తిన్నది కక్కుకోవడం, చిక్కి చావడం, అన్నీ ఇందుకే."

"జాజికాయ వల్ల పురుగులొస్తాయా డాక్టరమ్మా?" ఫీమీ తన గిన్నె ముందుకి చాపింది.

"జాజికాయకీ వీటికీ ఏ సంబంధం లేదు. ఇవి బల్లుల వల్ల వస్తాయి."

డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పింది. పురుగు గుడ్లు పిల్లి పెంటలో పోతాయి. వాటిని నత్త తింటుంది. నత్త నుంచి తడి చెక్కల కింద తిరిగే చిన్న పురుగుల్లోకి, వాటిని తిన్న బల్లిలోకి చేరతాయి. బల్లిని తిన్న పిల్లి కాలేయంలో కాపురం పెడతాయి. "ఇక్కడ చూడండి, ఎండబెట్టిన పెంకుల గుట్టల మీద ఎన్ని బల్లులో! ఈ దీవిలో ఇది కొత్త జబ్బేం కాదు."

"నేను పట్టమన్నది ఎలకల్ని," అన్నాడు ఆల్బన్.

"పిల్లికి ఆ సంగతి ఎవరు చెప్పారు సార్? ఎలక దొరకాలంటే గంటలు కాపు కాయాలి. ఆకలి మీదున్నదానికి అంత ఓపికెక్కడిది? బల్లి గోడ మీద నోటికందే ఎత్తులో ఉంటుంది. ఎప్పుడాపారు తిండి?"

కిటికీలోంచి ఎవరో అరిచారు, "ఈస్టర్ నుంచమ్మా!"

డాక్టరు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరు నెలలు. "పురుగులు ఇంత పెరగడానికి సరిపోతుంది," అంది. "ఆ గిన్నెలోది తిన్నవి ఏవి? వాటిని చూడాలి."

ఫీమీ నాలుకతో చిన్న చప్పుడు చేసింది. జాపత్రి గది వెనక నుంచి బిషప్ వచ్చింది, నల్లటి ఒళ్ళు, మెడ చుట్టూ తెల్ల పట్టీ. తర్వాత మేడమ్, ఎప్పట్లాగే ఎవరి మీదో దయ తలచినట్టు నడుస్తూ. చివర్న తెగిన చెవిది. డాక్టరు ఒక్కోదాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, కింది రెప్ప లాగి కళ్ళు చూసింది. గులాబి రంగు. పచ్చదనం ఛాయ లేదు.

"పెంట పరీక్ష చేస్తే గానీ గట్టిగా చెప్పలేను. బల్లి రుచి వీటికీ తెలిసే ఉంటుంది. కానీ కడుపు నిండింది కాబట్టి వెతుక్కుంటూ పోలేదు." ఫీమీ భుజం మీద తడి చెయ్యి వేసింది. "మీరు చంపలేదు టాంటీ. మీరు పెట్టినవే బతికున్నాయి."

ఫీమీ ఏడుస్తుందనుకున్నాం. ఆమె గిన్నెలోకి చూసుకుంది. "రెండ్రోజులు తోమాను దీన్ని, అడుగు పల్చబడిపోయింది," అంది.

పిల్లులన్నిటి పెంటా పరీక్షకి తీసుకుని డాక్టరు జీపులో వెళ్ళిపోయాక ఆల్బన్ ఫీమీ దగ్గరికొచ్చాడు. "సరే ఫీమీ, రేపట్నుంచి పనిలోకి రా. జరిగిందేదో జరిగిపోయింది."

"ఏం జరిగింది సార్?"

"అదే, పిల్లుల సంగతి."

"మరి జాజికాయల సంగతి?"

"దాన్ని వదిలేద్దాం ఇంక."

"మీరు వదిలేస్తారు సార్. అది నన్ను వదలదు," అని ఆమె ఇంటికెళ్ళిపోయింది.

ఊరంతా ఆమెకే బుద్ధి చెప్పింది. రమ్మంటున్నాడు కదా, ఇంకేం కావాలి, ముసలితనంలో ఈ బెట్టేంటి అని. నేనూ అన్నాను ఆ మాట. మా ఇంట్లో కూర్చుని అన్నాను, ఆమె మొహం మీద అనే ధైర్యం లేక.

గురువారం డాక్టరు మాత్రలు పంపింది, చీటీ కూడా. ఫీమీ పిల్లుల్లో రెండిట్లో గుడ్లే లేవు, తెగిన చెవిదానిలో మాత్రం కొద్దిగా ఉన్నాయి. మిగిలిన పదకొండు పిల్లుల్లోనూ నిండా ఉన్నాయి. వరసగా మూడ్రోజులు మాత్ర పడాలి, కక్కకుండా చూసుకోవాలి. ఆల్బన్ తనే మొదలుపెట్టాడు. ఒక పిల్లిని మెడ పట్టి నోరు తెరిచాడు. మాత్ర ఇస్త్రీ చొక్కా మీద పడింది, పిల్లి గోళ్ళు మణికట్టు మీద దిగాయి. మేం పెంకుల్లోకి తలలు దూర్చి నవ్వుకున్నాం. గంట గడిచేసరికి ఫీమీకి కబురెళ్ళింది.

ఆమె వచ్చింది. పిల్లుల కోసం వచ్చానని గేటు దగ్గరే చెప్పింది. పెరట్లోనే మూడు రాళ్ళు పెట్టి చేప తలకాయలు ఉడికించింది. మాత్రని రాయి మీద నూరి, ముల్లు తీసిన చేప గుజ్జులో కలిపి, ఒక్కోదానికి ఒక్కో ఆకులో పెట్టింది. ఒకదాని వాటా ఇంకోటి లాక్కోకుండా మధ్యలో గొంతుక్కూర్చుంది. తిన్నాక పావుగంట అక్కడే ఉండేది, ఏదైనా కక్కుతుందేమోనని. శుక్రవారమూ అంతే. పని గది గడప మాత్రం తొక్కలేదు.

శనివారం మాకు ఒంటిపూట పని. చివరి వాటా పెట్టేసి ఆమె గిన్నె ఎత్తుకుంది. ఆల్బన్ గుమ్మంలోకొచ్చాడు, మణికట్టుకి కట్టుతో.

"నీ చోటు ఖాళీగానే ఉంచాను. లోపలికొచ్చి కూర్చో, ఫీమీ."

ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగింది. మేమంతా వినేలాగే మాట్లాడింది, అరవకుండా. "సోమవారం వీళ్ళందరి ముందు అడిగారు సార్, జాజికాయ ఎక్కణ్ణుంచి వచ్చిందని. దానికి జవాబు కూడా వీళ్ళందరి ముందే తేలాలి. తేలకుండా నేనీ బల్ల దగ్గర కూర్చుంటే, సాయంత్రం నా సంచి దులిపినప్పుడల్లా వీళ్ళు చూస్తారు. నేను వీళ్ళ కళ్ళు చూస్తాను. ఆ బతుకు నాకొద్దు."

నాకు లేవాలని ఉంది, పెంకులేరుతూ ఉండిపోయాను.

లేచింది ఇస్మే. ఒళ్ళో పెంకులు జలజలా నేల మీద పడ్డాయి.

"ఆవిడింట్లో జాజికాయలు నావి," అంది. "మా చెట్టువి. నెలనెలా నేనే ఇస్తాను. గిన్నెలో గీకడం నేనెప్పుడూ చూడలేదు."

"మరి ఆ రోజు అలా ఎందుకు చెప్పావు?"

"నేనేం చెప్పాను సార్? అంతా మీరే చెప్పారు. నేను తలూపాను. ఆరుగుర్లో నా పేరుంటుందని భయమేసి ఊపాను. ఇప్పుడు తీసేస్తే తీసెయ్యండి. అయిదు రోజులుగా అన్నం సయించట్లేదు నాకు."

ఆల్బన్ ఫీమీ వైపు తిరిగాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు: "మిస్ యూఫీమియా, మీరు దొంగతనం చెయ్యలేదు. నేను తొందరపడ్డాను. తప్పు నాది." ఏడాదిలో ఆయన నోట మాలో ఎవరికైనా మీరు అన్న మాట వినడం అదే మొదలు.

ఫీమీ తల పంకించింది. లోపలికి రాలేదు. పెరట్లో నీళ్ళ పీపా దగ్గరికెళ్ళి గిన్నె కింద పెట్టింది.

"ఇస్మే," అని పిలిచింది. "చేతులు చేప కంపు కొడుతున్నాయి, వీటితో కాయలు ముట్టుకోకూడదు. వచ్చి నీళ్ళు పొయ్యి."

ఇస్మే పరిగెత్తింది. చెంబు ముంచి పోస్తుంటే తొందరలో సగం నీళ్ళు ఫీమీ పాదాల మీద పడ్డాయి. ఫీమీ వేళ్ళ సందులు రుద్దుకుంటోంది.

"నా మీద కోపం లేదుటే నీకు?" అంది ఇస్మే, ఏడుపు ఆపుకోలేక.

"ఉంది. బోలెడుంది," అంది ఫీమీ. "నువ్వు పొయ్యి."